ఓల్డ్ కోర్స్‌లో నాన్నకి ఒక్క రౌండ్: ఎలా దొరుకుతుంది, ఎలా ఆడాలి?

నాన్నకూతురు అడిగారు:

అందరికీ నమస్కారం. వచ్చే జూన్‌లో నాన్నని స్కాట్లాండ్ తీసుకెళ్తున్నాను. ఆయనకి 68 ఏళ్ళు. గోల్ఫ్ మొదలుపెట్టింది యాభై రెండో ఏట. ఇప్పుడు హ్యాండికాప్ 21 (మామూలు లెక్క కన్నా సుమారు ఎన్ని దెబ్బలు ఎక్కువ పడతాయో చెప్పే అంకె). సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళోని ఓల్డ్ కోర్స్ అనే గోల్ఫ్ మైదానంలో ఒక్క రౌండ్ (పద్దెనిమిది హోల్స్) ఆడాలన్నది ఆయన కోరిక. 2005లో అమెరికా ఆటగాడు జాక్ నిక్లాస్ తన ఆఖరి ఓపెన్ (బ్రిటిష్ గోల్ఫ్ పోటీ) ఆడుతూ ఆ కోర్స్‌లోని స్విల్కన్ వంతెన మీద నిలబడి జనానికి చెయ్యి ఊపడం టీవీలో చూశారు. అప్పటికి నాన్న క్లబ్ (గోల్ఫ్ కర్ర) చేత్తో పట్టుకోలేదు కూడా. ఆ రోజు "ఆ వంతెన దాటాలి" అన్నారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అమ్మ రావడం లేదు. నేను గోల్ఫ్ ఆడను. కాబట్టి ఆడేది నాన్న ఒక్కరే. మాకు ఆ ఊళ్ళో ఉన్నవి నాలుగు రోజులు. బ్యాలెట్ అనే లాటరీ ఉంటుందని చదివాను, కానీ దానికి కనీసం ఇద్దరు ఆటగాళ్ళు ఉండాలట. మరి ఒంటరిగా వచ్చేవాళ్ళ సంగతేమిటి? ఆయనకి కుడి మోకాలు నొప్పి, బగ్గీ (కోర్స్‌లో తిరిగే చిన్న బండి) ఇస్తారా? క్యాడీని (బ్యాగ్ మోసి దారి చెప్పే మనిషిని) పెట్టుకోవాలా? నేను పక్కన నడవొచ్చా?

ఇంకో భయం కూడా ఉంది. ఆయన ఇప్పటిదాకా ఆడినవన్నీ చెట్ల మధ్య, మెత్తటి పచ్చిక ఉన్న కోర్సులే. ఆయన బలమంతా బంతిని పైకి లేపి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద దింపడంలో ఉంది. లింక్స్ (సముద్రం పక్కన ఇసుక నేల కోర్సులు) అంటే పూర్తిగా వేరే ఆట అంటున్నారు. ఇన్నేళ్ళు ఎదురుచూసి అక్కడికెళ్ళి బంకర్లలోనే (ఇసుక గుంటల్లోనే) రోజంతా గడిపితే ఆయన మనసు పాడవుతుందేమోనని నా టెన్షన్. ఆడినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

గాలివాటం సమాధానం:

అమ్మా, మీ నాన్నగారి వయసుకి రెండేళ్ళు చిన్నవాణ్ణి. హ్యాండికాప్ 19. 2024 మే నెలలో నేనూ నా స్నేహితుడూ కలిసి ఓల్డ్ కోర్స్ ఆడాం. రెండు రోజులు బ్యాలెట్‌లో పేరు రాలేదు, మూడో రోజు వచ్చింది. కాబట్టి నేను చెప్పేది ఒక్క రౌండ్ అనుభవమే. కానీ ఆ రౌండ్‌లో ప్రతి హోల్ ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది.

ముందు దొరికే దారి. అందరూ చెప్పే బ్యాలెట్ ఇద్దరు నుంచి నలుగురు ఆటగాళ్ళకి. ఆడాలనుకున్న రోజుకి రెండు రోజుల ముందు మధ్యాహ్నం రెండింటిలోపు ఆన్‌లైన్‌లో పేర్లివ్వాలి, సాయంత్రానికి ఫలితం తెలుస్తుంది. నాన్నగారు ఒక్కరే కాబట్టి మీది సింగిల్స్ డ్రా. 2024కి ముందు ఒంటరి ఆటగాళ్ళు అర్ధరాత్రి నుంచి ఓల్డ్ పెవిలియన్ బయట చలిలో క్యూ కట్టేవాళ్ళు. ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు ముందురోజు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు లోపల ఆటగాడే స్వయంగా వెళ్ళి పేరు నమోదు చేసుకోవాలి. పేరు వస్తే, మర్నాడు ఇద్దరో ముగ్గురో ఉన్న గుంపులో ఆయన్ని కలుపుతారు. హ్యాండికాప్‌కి అధికారిక రుజువు అడుగుతారు, కాగితం మర్చిపోవద్దు. నేను ఆడినప్పుడు సీజన్ ఫీజు 320 పౌండ్లు, ఏటా పెరుగుతూ వస్తోంది. ఉన్న నాలుగు రోజుల్లో ప్రతిరోజూ వెళ్ళి పేరివ్వండి. ఆదివారం మాత్రం ఓల్డ్ కోర్స్ మూసేస్తారు, అది లెక్కలోంచి తీసేయండి.

బగ్గీ సంగతి. అక్కడ నడిచే ఆడతారు. వైద్య కారణం ఉన్నవాళ్ళు ముందే రాసి అడగాలి, వెళ్ళిన రోజు అడిగితే కుదరకపోవచ్చు. నేల చాలావరకు చదునే, ఎక్కాల్సిన కొండలు లేవు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. తొమ్మిది హోల్స్ అయ్యాక కోర్స్ క్లబ్‌హౌస్ దగ్గరికి తిరిగి రాదు. ఈడెన్ నదీముఖం వైపు వెళ్ళి, గొర్రెల కాపరి చేతికర్రలా అక్కడ కొంకి తిరిగి, మళ్ళీ ఊళ్ళోకొస్తుంది. తొమ్మిదో హోల్ పేరే 'ఎండ్'. మోకాలు మొరాయిస్తే అక్కణ్ణుంచి ఊరిదాకా నడిచే రావాలి. మొత్తం రౌండ్ ఎనిమిది కిలోమీటర్లకి తగ్గదు. ఇప్పటినుంచీ రోజూ నడిపించండి.

క్యాడీ గురించి రెండో ఆలోచన వద్దు, పెట్టుకోండి. మిగతా చోట్ల క్యాడీ సౌకర్యం. ఇక్కడ ఆయనే కళ్ళు. ఎందుకో చెబుతాను. ఓల్డ్ కోర్స్‌ని పూర్వం ఇప్పటి దిశకి ఎదురు దిశలో కూడా ఆడేవాళ్ళు. అందుకే కొన్ని బంకర్లు మనకి వీపు చూపిస్తూ ఉంటాయి. పన్నెండో హోల్ టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద నిలబడితే ముందంతా ఖాళీ ఫెయిర్‌వేలా (టీకీ గ్రీన్‌కీ మధ్య ఉండే కత్తిరించిన పచ్చికలా) ఉంటుంది. డ్రైవర్ (దూరం కొట్టే క్లబ్) తీసి నేరుగా కొట్టబోయాను. మా క్యాడీ తెల్లజుట్టు పెద్దాయన, భుజం మీద చెయ్యేసి ఆపారు. "ఎడమకి, ఆ పొద మీదుగా" అన్నారు. గ్రీన్ చేరాక వెనక్కి తిరిగి చూడమన్నారు. చూస్తే ఫెయిర్‌వే నడిమధ్యన బంకర్లు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. టీ నుంచి ఒక్కటీ కనబడదు. మొత్తం 112 బంకర్లున్న కోర్స్ ఇది. 2000 ఓపెన్‌లో టైగర్ వుడ్స్ నాలుగు రోజుల్లో ఒక్కదాంట్లోనూ పడలేదు, 19 అండర్‌తో (నిర్ణీత దెబ్బల కన్నా 19 తక్కువతో) గెలిచాడు. పన్నెండో గ్రీన్ మీద నిలబడి వెనక్కి చూసినప్పుడే అది ఎంత పెద్ద సంగతో నాకు తెలిసింది.

ఇప్పుడు మీ అసలు భయం. నాన్నగారి ఎత్తు షాట్లు. నాది కూడా అదే ఆట, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

లింక్స్ అంటే సముద్రానికీ సాగుభూమికీ మధ్య మిగిలిపోయిన ఇసుక నేల. పంటకి పనికిరాదు, గొర్రెలు మేయడానికి సరిపోతుంది. కింద ఇసుక కాబట్టి వాన నీళ్ళు నిలవవు. పైన సన్నటి ఫెస్క్యూ గడ్డి. అడుగు పెడితే తివాచీలా ఉండదు, గట్టిగా తగులుతుంది. బంతి పడ్డచోట ఆగదు, దొర్లుతుంది. రెండో హోల్‌లో నేను తొమ్మిదో ఐరన్‌తో (బంతిని ఎత్తుగా లేపే క్లబ్‌తో) ఎప్పటిలాగే జెండా మీదికి కొట్టాను. గాల్లో ఉన్నంతసేపూ అద్భుతంగా ఉంది. గ్రీన్ మధ్యలో పడి, ఒక్క ఎగురు ఎగిరి, వెనకవైపు జారిపోయింది. మూడో హోల్‌లో మళ్ళీ అంతే. నాకు కోపం వచ్చింది, చెయ్యి బిగుసుకుంది.

నాలుగో హోల్‌లో బంతి గ్రీన్‌కి 35 గజాల ముందు ఉంది. నేను వెడ్జ్ (బంతిని ఇంకా ఎత్తుగా లేపే క్లబ్) కోసం చెయ్యి చాచాను. క్యాడీ పెద్దాయన మాట్లాడకుండా నా చేతిలో పటర్ (బంతిని నేల మీద దొర్లించే క్లబ్) పెట్టారు. 35 గజాల నుంచి పటర్! ఆయన గ్రీన్ అంచు దాకా నడిచి వెళ్ళి, జెండాకి చాలా కుడిగా ఒక మిట్టని కాలితో చూపించి, "దీని మీదికి పంపు, మిగతాది నేల చూసుకుంటుంది" అన్నారు. కొట్టాను. బంతి మిట్ట ఎక్కింది, నిదానించింది, ఎడమకి తిరిగింది, దిగడం మొదలుపెట్టింది. ఎంతసేపు దొర్లిందో. హోల్‌కి నాలుగడుగుల్లో ఆగింది. గోల్ఫ్‌లో నేను కొట్టిన మంచి షాట్లలో దాన్నే మొదట చెబుతాను. అక్కణ్ణుంచి వెడ్జ్ దాదాపు బ్యాగ్‌లోనే ఉంది.

అందుకే నాన్నగారికి ఇప్పటినుంచే రెండు పనులు అలవాటు చేయించండి. గ్రీన్ బయట 20, 30 గజాల నుంచి పటర్‌తో కొట్టడం ఒకటి. ఏడో ఐరన్‌తో సగం ఊపుతో, బంతిని నడుం ఎత్తు దాటకుండా కొట్టి దొర్లించడం రెండోది. రెండూ బలం అడగవు. నిజానికి వయసు మీదపడ్డవాళ్ళకి ఇంత అనువైన ఆట ఇంకోటి లేదు. దూరం కొట్టలేనివాడికి నేలే దూరాన్ని ఇస్తుంది. అక్కడ ఊరి పెద్దవాళ్ళు ఆడుతుంటే చూశాను, మోకాలి ఎత్తున పోయే చిన్న చిన్న షాట్లతో గ్రీన్ చేరుతున్నారు.

అయితే గ్రీన్లు మామూలువి కావు. ఏడు గ్రీన్ల మీద రెండేసి జెండాలుంటాయి, వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. రెండు హోల్స్ నంబర్లు కలిపితే ఎప్పుడూ 18 వస్తుంది. రెండు, పదహారు. నాలుగు, పద్నాలుగు. ఇలా. ఐదు, పదమూడు కలిసిన గ్రీన్ ముప్పావు ఎకరం దాటుతుంది. వెళ్ళేటప్పటి జెండాలు తెల్లవి, వచ్చేటప్పటివి ఎర్రవి. నా స్నేహితుడు ఒకసారి తప్పు జెండా చూసి కొట్టి, ఇరవై ఐదు అడుగులు కాదు, ఇరవై ఐదు గజాల పట్ (పటర్ దెబ్బ) కొట్టాల్సి వచ్చింది.

బంకర్ల గురించి కూడా నిజం చెప్పాలి. కొన్ని చిన్న బావుల్లా ఉంటాయి. గోడలు పచ్చిక ముక్కల్ని ఇటుకల్లా పేర్చి కడతారు, నిటారుగా ఉంటాయి. పదకొండో హోల్ పార్ మూడు, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సింది. అక్కడ గ్రీన్ ముందున్న స్ట్రాత్ బంకర్‌లో పడ్డాను. జెండా వైపు కొట్టే ప్రయత్నమే చేయలేదు, పక్కకి తీశాను, ఐదుతో బయటపడ్డాను. 1921లో బాబీ జోన్స్ అంతటివాడు ఇదే హోల్‌లో ఇసుకలో చిక్కుకుని, విసిగిపోయి ఆ పోటీ నుంచే తప్పుకున్నాడు. తరవాత ఆరేళ్ళకి అక్కడే ఓపెన్ గెలిచాడు, 1958లో ఊరివాళ్ళు ఆయనకి పౌరసత్వ గౌరవమిచ్చారు. పద్నాలుగులో హెల్ బంకర్ ఉంది. 1995లో నిక్లాస్ దాంట్లోంచి బయటకి రావడానికి నాలుగు దెబ్బలు కొట్టి, ఆ హోల్‌కి పది రాసుకున్నాడు. నాన్నగారికి ఒకటే చెప్పండి: బంకర్‌లో పడితే దగ్గరి దారిలో, అవసరమైతే వెనక్కైనా, బయటకి రావాలి. జెండా సంగతి తరవాత.

ఇంకో మాట. మొత్తం కోర్స్‌లో అనుమానం వస్తే ఎడమకి కొట్టాలి. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కుడివైపే ఆపద. పొదలు, గోడ, హద్దు అన్నీ అటే. ఎడమకి పోతే పక్క హోల్ ఫెయిర్‌వే మీద పడుతుంది, హాయిగా ఆడుకోవచ్చు.

మీరు పక్కన నడవడం గురించి: మా గుంపులో మూడో ఆటగాడి భార్య పద్దెనిమిది హోల్స్ మాతోనే నడిచింది. ముందుగా స్టార్టర్‌ని (ఒకటో టీ దగ్గర ఆటగాళ్ళని పంపించే మనిషిని) అడగండి.

మూడోపట్ సమాధానం:

గాలివాటం గారు చెప్పినవాటికి నేను రెండోవైపు చెబుతాను. మాకు ఓల్డ్ కోర్స్ దొరకలేదు. మూడు రోజులున్నాం, మూడు రోజులూ పేరు రాలేదు. మా ఆయన మొదటి సాయంత్రం భోజనం సరిగా చేయలేదు. అందుకని చెబుతున్నాను, నాన్నగారికి ప్రయాణం ముందే ఈ సంగతి స్పష్టంగా చెప్పండి. జూన్‌లో వచ్చేవాళ్ళు చాలామంది.

కానీ ఆ ఊళ్ళో పబ్లిక్ కోర్సులు ఏడున్నాయి, అన్నీ ఒకే ట్రస్ట్ కింద. ఓల్డ్ కోర్స్ పక్కనే న్యూ కోర్స్. పేరుకి న్యూ, కట్టింది 1895లో, అదీ పాతకాలపు ఛాంపియన్ ఓల్డ్ టామ్ మారిస్ చేతుల మీదుగా. అదే ఇసుక, అదే గాలి, అవే పొదలు. జూబిలీ 1897 నాటిది, సముద్రానికి ఇంకా దగ్గర. మోకాలు నొప్పి ఉన్నవాళ్ళకి స్ట్రాత్‌టైరమ్ పొట్టిది, సులువు. న్యూ కోర్స్‌కి ముందే బుక్ చేసుకోవచ్చు. వెళ్ళిన మర్నాడే ఒక రౌండ్ దాంట్లో పెట్టండి. ఓల్డ్ దొరికితే ఆయనకి అప్పటికే నేల అలవాటై ఉంటుంది. దొరకకపోయినా ఒట్టి చేతుల్తో తిరిగి రారు. మా ఆయన న్యూ కోర్స్ ఆడి వచ్చాక ముఖం మారిపోయింది.

మీకోసం కూడా ఒకటుంది. ఓల్డ్ కోర్స్ పక్కనే, బీచ్ వైపు, హిమాలయాస్ అనే పట్టింగ్ గ్రీన్. నిజంగానే దాని పేరది. నేలంతా గుట్టలు గుట్టలుగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. 1867లో ఆడవాళ్ళు పెట్టుకున్న పట్టింగ్ క్లబ్ వాళ్ళది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు భుజం పైకి క్లబ్ ఎత్తి కొట్టడం మర్యాద కాదనేవాళ్ళట. అందుకని పట్టింగ్ మాత్రమే. బయటివాళ్ళని కూడా ఆడనిస్తారు, కొద్ది పౌండ్లు, పటర్ బంతీ వాళ్ళే ఇస్తారు. నేను జీవితంలో క్లబ్ పట్టుకోనిదాన్ని, గంటన్నర ఆడాను. మీరూ నాన్నగారూ కలిసి ఆడగలిగేది అదొక్కటే. వదలకండి. గాలివాటం గారు చెప్పిన దూరపు పట్ అలవాటుకి అంతకన్నా మంచి చోటు కూడా లేదు.

బట్టల సంగతి: జూన్ అని పల్చటివి పెట్టకండి. ఎండలో మొదలుపెట్టిన రోజే మధ్యాహ్నం సముద్రం మీంచి పొగమంచు వచ్చింది, అక్కడ 'హార్' అంటారు. అరగంటలో ఒళ్ళు వణికింది. గాలికి గొడుగు నిలవదు. గాలి చొరని జాకెట్, చెవులు మూసే టోపీ, రెండు చేతులకీ గ్లౌజులు. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది, అది మాత్రం వరం.

నాన్నకూతురు:

ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. రాత్రి భోజనాలయ్యాక నాన్నకి అంతా చదివి వినిపించాను. నాలుగో హోల్ పటర్ సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. న్యూ కోర్స్‌కి ఒక రౌండ్ బుక్ చేస్తున్నాను.

ఆయన అడగమన్న ప్రశ్నలు రెండు. పదిహేడో హోల్‌లో హోటల్ మీదుగా కొట్టాలి కదా, 185 గజాలు కొట్టే మనిషి కొట్టగలడా, లేక ఆ మోజు వదులుకోవాలా? రెండోది: మొదటి టీ దగ్గర జనం చూస్తుంటారు కదా, మీకు చేతులు వణకలేదా? రెండో ప్రశ్న ఆయన కాస్త మెల్లగా అడిగారు.

గాలివాటం సమాధానం:

రెండో ప్రశ్నకే ముందు జవాబిస్తాను, ఎందుకంటే నాకు చేతులు బాగా వణికాయి. స్టార్టర్ పేరు పిలిచాక టీ దాకా నడిచే ఆ పది అడుగులు చాలా పొడుగ్గా అనిపించాయి. వెనక రాయల్ అండ్ ఏన్షియెంట్ క్లబ్‌హౌస్, పక్కన రోడ్డు మీద ఆగి చూసే మనుషులు. కానీ కళ్ళెత్తి ముందుకి చూస్తే, ఒకటో హోల్‌కీ పద్దెనిమిదో హోల్‌కీ కలిపి ఒకటే ఫెయిర్‌వే, వంద గజాలకి పైగా వెడల్పు, ఒక్క బంకర్ లేదు. గోల్ఫ్‌లో ఇంత విశాలమైన ఆరంభం ఇంకోటి లేదంటారు. నాన్నగారిని డ్రైవర్ తీయవద్దనండి. ఐదో ఐరన్ చాలు. బంతి నేల మీద దొర్లినా ముందుకే పోతుంది. జాగ్రత్త పడాల్సింది రెండో మూడో షాట్‌కి, స్విల్కన్ వాగు సరిగ్గా గ్రీన్ ముందే పారుతుంది. మొదటి హోల్‌లో మాత్రం బంతిని ఆయనకి ఇష్టమైనట్టు పైకి లేపి దాటించాలి.

ఇక పదిహేడు, రోడ్ హోల్. అక్కడ హోటల్ ఆవరణలో పాత రైల్వే షెడ్ల ఆకారంలో ఒక కట్టడం ఉంది, గోడ మీద హోటల్ పేరు పెద్ద అక్షరాల్లో రాసుంటుంది. ఆటగాళ్ళు ఏ అక్షరం మీదుగా కొట్టాలో చూసుకుంటారు. మనలాంటివాళ్ళం ఎడమ చివరి అక్షరం చూసుకుంటే చాలు. 185 గజాలు కొట్టేవాడికి ఆ రోజు గాలి ఎటు ఉందో చూసి క్యాడీ చెబుతారు. గాలి వెనక ఉంటే షెడ్ మూల మీదుగా కొట్టి చూడమనండి. ఇన్నేళ్ళు టీవీలో చూసిన షాట్ అది, ఒక బంతి పోతే పోనివ్వండి. ఎదురుగాలి అయితే మాత్రం మొండికేయకుండా ఎడమ ఫెయిర్‌వే వైపు. నేను ఎడమకే కొట్టాను. ఆ షాట్ కొట్టలేదే అని ఇప్పటికీ ఉంది, అందుకే ఇలా చెబుతున్నాను.

అసలు కష్టం ఆ తరవాత. గ్రీన్ సన్నగా, ఏటవాలుగా ఉంటుంది. ముందు ఎడమవైపు రోడ్ బంకర్, వెనక తారు రోడ్డు, దాని వెనక రాతి గోడ. రోడ్డు మీద పడ్డ బంతిని రోడ్డు మీంచే ఆడాలి, ఉచితంగా పక్కకి జరుపుకోనివ్వరు. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా గ్రీన్ మీదికి చేరాక పట్ కొడితే, బంతి నేల వాలుకి తిరిగి బంకర్‌లోకి జారింది. బయటకి రావడానికి నాలుగు దెబ్బలు, మొత్తం తొమ్మిది. అంతవరకు ఆయన పోటీలో ముందు వరసలో ఉన్నాడు. 2000లో డేవిడ్ డువాల్‌కీ అదే బంకర్‌లో నాలుగు దెబ్బలు. అందుకని నాన్నగారు మూడు షాట్లలో గ్రీన్ ముందు కుడివైపు మూలకి చేరాలి, అక్కణ్ణుంచి పటర్‌తో పైకి దొర్లించాలి. ఐదు వస్తే పార్ వచ్చినట్టే లెక్క. నాకు ఆరు.

పద్దెనిమిది గురించి ఆయన అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. టీ మీంచి క్లబ్‌హౌస్ గడియారం కనబడుతుంది, దాని వైపు కొట్టమంటారు. ఫెయిర్‌వేకి అడ్డంగా ఒక రోడ్డుంది, గ్రానీ క్లార్క్స్ విండ్ అని. ఊరివాళ్ళు పిల్లల బళ్ళతో దాటుతుంటారు, ఆగి వాళ్ళని పోనివ్వాలి. టీ దాటగానే వంతెన. ఫోటోల్లో పెద్దదిగా కనిపిస్తుంది గానీ ఒక చివర నుంచి ఇంకో చివరకి ముప్పై అడుగులే. గొర్రెల్ని దాటించడానికి ఏడువందల ఏళ్ళ కిందట కట్టినది. మీ ఫోన్ ముందే తీసి పెట్టుకోండి. క్యాడీలు ఫోటోలు తీయడంలో ఆరితేరినవాళ్ళు, ఆయనకిచ్చి మీరు కూడా నాన్నగారి పక్కన నిలబడండి.

గ్రీన్ ముందు ఎడమన ఒక లోతట్టు, వ్యాలీ ఆఫ్ సిన్. బంతి అక్కడ ఆగితే మళ్ళీ పటరే. 1995లో కోస్టాంటినో రోకా అక్కణ్ణుంచే అరవై అడుగుల పట్ వేసి జాన్ డేలీతో ప్లేఆఫ్ (సమానంగా ముగించినవాళ్ళ మధ్య విజేతని తేల్చే ఆట) తెచ్చుకున్నాడు. నాదీ అక్కడే ఆగింది. రెండు పట్‌లు. రెండోది రెండడుగులదే అయినా, 1970లో డగ్ శాండర్స్ ఓపెన్ పోగొట్టుకున్న పట్ కూడా ఇదే గ్రీన్ మీద ఇంత పొట్టిదే కదా అని గుర్తొచ్చి చాలాసేపు నిలబడ్డాను. లోపలికెళ్ళింది. రెయిలింగ్ దగ్గర నిలబడ్డ ఎవరో ముసలి దంపతులు చప్పట్లు కొట్టారు. నేనెవరో వాళ్ళకి తెలియదు. నా స్కోరు 98. మా స్నేహితుడు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

గ్రీన్ ఎదురుగా ఉన్న వీధిలోనే ఓల్డ్ టామ్ మారిస్ దుకాణం ఉంది. ఆ గ్రీన్ ఆయన చేసిందే, హోల్ పేరు కూడా ఆయనదే. మీరు తండ్రీకూతుళ్ళు వెళ్తున్నారు కాబట్టి ఇది చెబుతాను. ఊరి చివర పాడుబడ్డ కెథెడ్రల్ ఆవరణలో ఆయన సమాధి ఉంది, కొడుకు యంగ్ టామ్‌దీ అక్కడే. తండ్రి నాలుగుసార్లు ఓపెన్ గెలిచాడు, కొడుకూ నాలుగుసార్లు గెలిచాడు. 1875లో యంగ్ టామ్ భార్య ప్రసవంలో పోయింది, బిడ్డా దక్కలేదు. అదే ఏడాది క్రిస్మస్ రోజున అతనూ పోయాడు, 24 ఏళ్ళకి. తండ్రి ఆ తరవాత 32 ఏళ్ళకి పైగా బతికి, 1903 దాకా ఆ కోర్స్‌ని చూసుకున్నాడు. రౌండ్ అయ్యాక సాయంత్రం మేమిద్దరం అక్కడికి నడిచి వెళ్ళాం.

పచ్చికబాట సమాధానం:

నాది చిన్న మాట. నేను అక్కడ చదువుకున్నాను, రెండేళ్ళు ఆ ఊళ్ళో ఉన్నాను. గోల్ఫ్ ఆడను. ఆదివారం కోర్స్ మూసేస్తారని గాలివాటం గారు లెక్కలోంచి తీసేయమన్నారు. మీరు మాత్రం తీసేయకండి, మీకు అదే అసలు రోజు.

ఆ నేల ఊరిది. 1552లోనే అక్కడి ఆర్చ్‌బిషప్ హామిల్టన్ ఊరి ప్రజలకి దాని మీద ఆడుకునే హక్కు రాసిచ్చాడు. ఇప్పటికీ ఆదివారం అది పార్క్‌లాగే ఉంటుంది. ఆటకి సెలవు, పచ్చికకి విశ్రాంతి, ఊరికి షికారు. కుక్కల్ని తెచ్చుకుంటారు, పిల్లలు వంతెన మీద పరుగెత్తుతుంటారు. ఎవరూ "ఫోర్!" (బంతి వస్తోంది, జాగ్రత్త) అని అరవరు. గ్రీన్లూ బంకర్లూ తొక్కకుండా నడిస్తే చాలు. నేను పరీక్షల రోజుల్లో ప్రతి ఆదివారం వంతెన నుంచి బయల్దేరి హెల్ బంకర్ దాకా వెళ్ళి వచ్చేదాన్ని.

ఆడబోయే ముందు ఒక ఆదివారం నాన్నగారు ఆ నేల మీద ఊరికే నడిస్తే, పన్నెండో గ్రీన్ దగ్గర వెనక్కి తిరిగి ఆ బంకర్లన్నీ ముందే చూసుకోవచ్చు. అలసట అనిపిస్తే ఎక్కణ్ణుంచైనా వెనక్కి రావచ్చు. లాటరీలో పేరు వచ్చినా రాకపోయినా వంతెన దాటడానికి ఆదివారం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎడింబరో నుంచి రైల్లో వస్తే లూకర్స్‌లో దిగాలి, సెయింట్ ఆండ్రూస్‌కి రైలు 1969లోనే తీసేశారు. స్టేషన్ బయటే బస్సు ఉంటుంది, పావుగంట.

నాన్నకూతురు:

పచ్చికబాట గారూ, మీ మాట చదివాక టికెట్లు మార్చాను. సోమవారం చేరాల్సినవాళ్ళం శనివారం రాత్రికే చేరుతున్నాం, ఊళ్ళో రోజులు నాలుగు కాస్తా ఆరయ్యాయి. మంగళవారం న్యూ కోర్స్ బుక్ అయింది. మిగతా రోజుల్లో పొద్దున తొమ్మిదికల్లా సింగిల్స్ డ్రాకి పేరిస్తాం. మోకాలి డాక్టరు ఉత్తరం కూడా తీసుకుని బగ్గీ కోసం రాశాను, నాన్న మాత్రం నడుస్తానంటున్నారు.

ఆదివారం కార్యక్రమం ఆయనే రాసుకున్నారు. ఒకటో టీ దగ్గర మొదలుపెట్టి, ఏ హోల్‌లో ఎవరికి ఏమైందో నాకు చెబుతూ నడుస్తారట. పదిహేడో టీ దగ్గర నన్ను ఆపి, ఏ అక్షరం మీదుగా కొట్టబోతున్నారో చూపిస్తారట.